కంటికురుపు అదే చోట మళ్లీ లేస్తే

సంపాదకులకు,

కుప్పం, పలమనేరు వైపు నుంచి తిరుపతి ఆసుపత్రులకు వచ్చేవారిలో ఒక భయం పాతుకుపోయి ఉంది: రెప్ప మీది గడ్డను సూదితో కెలికితే క్యాన్సర్ పాకుతుందని. రెప్ప విషయంలో ఆ భయం అక్కర్లేదు. నడివయసు దాటినవారికి కురుపు గీకించాక అదే చోట మళ్లీ లేచి, అక్కడి వెంట్రుకలు రాలుతుంటే అది రెప్పలోని నూనె గ్రంథి క్యాన్సర్ కావచ్చు. అచ్చం కురుపులాగే ఉంటుంది. రెప్ప క్యాన్సర్లలో దాని వాటా పాశ్చాత్య దేశాలకంటే మన దగ్గర చాలా ఎక్కువ.

గడ్డలోంచి సన్నసూదితో కణాలు తీసి చూసే పరీక్షే ఎఫ్‌ఎన్‌ఏసీ. దానికి వాడేది 24, 25 గేజ్ సూది, రక్తం తీసే సూదికన్నా సన్నం. రెప్ప వెనక పలక అడ్డుపెట్టి, మొన కనుగుడ్డు వైపు తిరగకుండా పక్కవాటుగా దించుతారు. నాలుగైదుసార్లు ముందుకూ వెనక్కూ ఆడిస్తే పీల్చకుండానే కణాలు సూదిలోకి ఎక్కుతాయి. గట్టిగా పీలిస్తే వచ్చేది రక్తమే. ఒక స్లైడు గాలికి ఆరాలి, ఇంకొకటి పరిచిన క్షణమే 95 శాతం ఆల్కహాల్‌లో మునగాలి. సీసా మూత కోసం వెతుక్కునేంత ఆలస్యమైనా కణాలు ఎండి మసకబారతాయి. నూనె గ్రంథి క్యాన్సర్ కణాల్లోని కొవ్వును చూపించే ఆయిల్ రెడ్ ఓ రంగు వేయాలంటే ఆల్కహాల్ తగలని స్లైడు విడిగా ఉంచాలి. అందుకే అనుమానమేమిటో ఫారంలో ముందే రాయాలి.

కంటిగూటి లోపలి గడ్డ సంగతి వేరు. సీటీయో ఎమ్మారైయో చూడకుండా సూది దించరాదు. అది రక్తనాళాల గడ్డయితే కనుగుడ్డు వెనక రక్తం చేరి చూపే పోవచ్చు. పరీక్షయ్యాక కన్ను ముందుకు పొడుచుకొచ్చినా, చూపు తగ్గినా నిమిషాలే లెక్క కాబట్టి వెంటనే ఊరి బస్సెక్కొద్దు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ముందే చెప్పాలి, సొంతంగా మానకూడదు.

భయం నిజమయ్యే చోట్లూ ఉన్నాయి. పసిపిల్లల కంటిపాప తెల్లగా మెరిస్తే రెటినోబ్లాస్టోమా అనే కంటి లోపలి క్యాన్సర్‌ను అనుమానించాలి. అక్కడ సూది గుచ్చితే కణితి కంటి బయటికి పాకే ప్రమాదముంది. కన్నీటి గ్రంథిలో మెల్లగా పెరిగే ఒక రకం కణితిని కూడా పొర చిట్లకుండా మొత్తంగా తీయాలి.

రిపోర్టులో ‘చాలినన్ని కణాలు లేవు’ అంటే క్యాన్సర్ లేదని కాదు. గట్టి గడ్డలు కణాలను వదలవు. లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) అనుమానముంటే ముక్క తీయాల్సిందే, దాన్నంతా ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా ఉంచే ద్రవంలో) వేయకుండా కొంత తాజాగా ల్యాబుకు పంపాలి.

రెండోసారి గీకిన కురుపును మాత్రం బుట్టలో పారేయనివ్వకండి. 10 శాతం ఫార్మలిన్‌లో పాథాలజీకి పంపమని అడగండి. పేరు సీసా మీదే రాయించండి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి.

– పాథాలజీ వైద్యులు, తిరుపతి