షుగర్ మాత్ర వేరు, కొలెస్ట్రాల్ మాత్ర వేరు

చిన్నా,

నీ రక్తపరీక్ష కాగితాలు కోడలు పంపితే చూశాను. పక్షవాతం వచ్చి తేరుకున్న నువ్వు, కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ మాత్ర మానేశావన్న సంగతీ తనే చెప్పింది. తన మీద కోప్పడకు, భయమేసి చెప్పింది. ఫోనులో అయితే మాటకు మాట పెరుగుతుందని ఉత్తరం రాస్తున్నాను. ఓపిగ్గా చివరి దాకా చదువు.

మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 8.6 నుంచి 6.2కి దిగింది. రక్తంలో తిరిగే కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్లు, 270 ఉండేవి, ఇప్పుడు 118. మూడు పూటలా అన్నం ఉంటే తప్ప భోజనం అనుకోని నువ్వు అన్నం, ఇడ్లీ, చపాతీ అన్నీ పక్కన పెట్టి ఇంత సాధించావంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్ మోతాదును డాక్టరు సగానికి తగ్గించడం కూడా సరైన పనే. పిండి పదార్థాలు తగ్గించి పాత మోతాదే వేసుకుంటూ పోతే షుగర్ మరీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. నీ తిండి మీద నాకు పేచీ లేదు.

పేచీ అంతా ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్ దగ్గరే. మాత్ర వేసుకుంటున్నప్పుడు 66 ఉన్నది ఇప్పుడు 174 అయింది. షుగర్ మాత్ర ఎందుకు తగ్గించారు? అంకె దిగింది కాబట్టి. మరి ఇక్కడ అంకె రెండింతలు దాటిపోతే మాత్ర మానడానికి కారణం ఏమిటి? ఒకే కాగితంలో పై వరుసను నమ్మి, కింది వరుసను కొట్టిపారేయడం ఏ లెక్క?

నేను ల్యాబ్‌లో పనిచేసిన రోజుల సంగతి ఒకటి చెబుతాను. రక్తం గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎర్రకణాలు అడుగుకు చేరి, పైన సీరం తేరుకుంటుంది. మామూలుగా అది లేత గడ్డి రంగులో ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లు విపరీతంగా పెరిగిన మనిషి సీరం పాలు కలిపినట్టు తెల్లగా వస్తుంది. ట్యూబు చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయేది. ఎల్‌డీఎల్ 200 ఉన్న మనిషి సీరం మాత్రం అందరిదీ ఉన్నట్టే తేటగా ఉంటుంది. ఆ కణాలు అంత చిన్నవి. పరీక్ష చేసి అంకె చూస్తే తప్ప నాకూ తెలిసేది కాదు. ఒంట్లో హాయిగా ఉంది కాబట్టి మాత్ర అక్కర్లేదని కోడలితో అన్నావట. బరువు తగ్గింది, షుగర్ అదుపులోకి వచ్చింది, హాయిగానే ఉంటుంది. ఎల్‌డీఎల్ పెరిగినా అలాగే ఉంటుంది.

నీకు పక్షవాతం మెదడులో నరం చిట్లి రాలేదు. ఎడమవైపు మెడ ధమని గోడలో కొవ్వు పూడికలా పేరుకుని, అది పగిలి, అక్కడ కట్టిన రక్తపు గడ్డ పైకి వెళ్లి మెదడులో రక్తనాళానికి అడ్డుపడింది. డాప్లర్ స్కానులో ఆ పూడిక కనిపించింది, అది ఇంకా అక్కడే ఉంది. ఆసుపత్రిలో నువ్వు మంచినీళ్లు అడగబోయి మాట రాక నా ముఖం వంక చూసిన చూపు నేను మరిచిపోలేను. అప్పుడు కదలని కుడిచేత్తోనే ఇవాళ సంతకం పెడుతున్నావు. ఆ పూడిక మళ్లీ పగలకుండా చూసుకోవడమే ఇప్పుడు మనం చేయాల్సింది. నీ అటోర్వాస్టాటిన్ స్టాటిన్ అనే జాతి మందు. స్టాటిన్ కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది. అప్పుడు కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా లాక్కుంటుంది. పేరుకున్న పూడిక పగలకుండా గట్టిపడటానికీ ఈ మందు తోడ్పడుతుంది.

ఆధారం ఏమిటని అడుగుతావు, అడగాలి కూడా. పక్షవాతం, లేదా దానికి ముందు హెచ్చరికలా వచ్చి పోయే చిన్న స్ట్రోక్ వచ్చిన 4,731 మంది మీద చేసిన స్పార్కిల్ అధ్యయనం 2006లో వెలువడింది. సుమారు అయిదేళ్లలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి 13 మందికి మళ్లీ పక్షవాతం వస్తే, అటోర్వాస్టాటిన్ 80 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లలో 11 మందికి వచ్చింది. మెదడులో రక్తస్రావం మాత్రం మందు వేసుకున్నవాళ్లలో కొంచెం ఎక్కువగా కనిపించింది. అది దాచను. దాన్ని కలుపుకుని లెక్కేసినా లాభమే మిగిలింది. నూటికి ఇద్దరే కదా అని తేలిగ్గా తీసుకోకు. ఆ ఇద్దరిలో నువ్వు ఉండవని ఏ తల్లి అనుకోగలదు? తర్వాత 2019లో ఫ్రాన్స్, దక్షిణ కొరియాల్లో నీలాగే ధమనుల్లో పూడిక ఉన్నవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, ఎల్‌డీఎల్‌ను 70 లోపు ఉంచినవాళ్లు 90 నుంచి 110 మధ్య ఉంచినవాళ్ల కంటే మెరుగ్గా ఉన్నారు. నీ 66 అలా వచ్చిందే.

మెదడుకు కొలెస్ట్రాల్ కావాలి కదా అన్నావట. కావాలి. కానీ మెదడు తనకు కావలసినది తానే తయారుచేసుకుంటుంది. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ లోపలికి వెళ్లదు. ఇదంతా మందుల కంపెనీల వ్యాపారం అన్న నీ మాటకు వస్తే, అటోర్వాస్టాటిన్ పేటెంటు ఎప్పుడో ముగిసింది. జన ఔషధి దుకాణంలో చవగ్గా దొరుకుతుంది.

నీ పిక్కల నొప్పులను మాత్రం నేను కొట్టిపారేయను. కొందరికి స్టాటిన్‌తో కండరాల నొప్పులు నిజంగానే వస్తాయి. నొప్పి వస్తే చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. కండరాలు దెబ్బతిన్నాయేమో తెలిపే సీకే పరీక్ష, కాలేయం, థైరాయిడ్, విటమిన్ డి చూపించుకో. మోతాదు తగ్గించవచ్చు, రోసువాస్టాటిన్ అనే ఇంకో స్టాటిన్‌కు మారవచ్చు, ఎజెటిమైబ్ అనే వేరే రకం కొలెస్ట్రాల్ మందు కలపవచ్చు. అవీ పడకపోతే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. ఏది కావాలన్నా డాక్టరుతో మాట్లాడి మార్చుకో. ఎవరికీ చెప్పకుండా మానేయడం ఒక్కటే నేను ఒప్పుకోను. ఆస్పిరిన్ మాత్రం అసలే మానకు.

ఇక వంటింటి సంగతి. అన్నం మానిన చోటంతా నువ్వు నెయ్యి, కొబ్బరినూనె, క్రీముతో నింపుతున్నావని విన్నాను. ఎల్‌డీఎల్ పెరగడానికి మాత్ర మానడం ఒక కారణమైతే, ఈ కొవ్వు ఇంకో కారణం కావచ్చు. అన్నం తినమని చెప్పడం లేదు. కొబ్బరినూనె మానేసి వంటకు నువ్వులనూనెగానీ వేరుశనగ నూనెగానీ వాడు. నెయ్యి రుచికి చెంచాడు చాలు. చేపలు, గుడ్లు, పల్లీలు, బాదం తిను. బెండ, చిక్కుడు, ఆకుకూరలు బాగా పెంచు. కోడలికి పులుసు చేసే పద్ధతి విడిగా రాసి పంపుతాను, చింతపండు తక్కువ పడుతుంది.

రేపు ఉదయమే నరాల డాక్టరుకు ఫోను చేసి, మాత్ర మానేసిన సంగతి దాచకుండా చెప్పి, మళ్లీ ఎలా మొదలుపెట్టాలో అడుగు. చెడు కొలెస్ట్రాల్ మోసే కణాలు ఎన్ని ఉన్నాయో తెలిపే అపోబీ, పుట్టుకతో వచ్చే ఒక రకం కొలెస్ట్రాల్ కణాన్ని కొలిచే లిపోప్రొటీన్ ఏ పరీక్షలు కూడా చేయించమని అడుగు. రెండోది మన దేశస్థుల్లో చాలామందికి ఎక్కువగా ఉంటుంది, నీకు ఇంతవరకు ఎవరూ చూడలేదు. మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ లిపిడ్ పరీక్ష చేయించి, ఆ కాగితం నువ్వే నాకు పంపు.

ఆశీస్సులతో,
అమ్మ