కాపీ ఇచ్చి పంపేశాం, ఫైలు మాత్రం మా దగ్గరే ఉండిపోయింది

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

గుంటూరు బ్రాడీపేటలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది, ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా పెడుతుంటా. పోయిన నెల ఒక డిగ్రీ అమ్మాయి వచ్చి, అన్నయ్యా నిన్న మీకు వాట్సాప్ చేసిన నా ఆధార్, టెన్త్ మెమో డిలీట్ చేశారా అని అడిగింది. చేశానమ్మా అన్నా. చెయ్యలేదు. అసలు ఆ ఆలోచనే నాకెప్పుడూ రాలేదు. ఆ పిల్ల వెళ్లాక డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఓపెన్ చేసి చూస్తే రెండేళ్ల నుంచి వచ్చినవన్నీ అక్కడే ఉన్నాయండి, ఆధార్లు, పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, సంతకం ఫొటోలు, ఎవరిదో డిశ్చార్జి సమ్మరీ, ఎవరివో విడాకుల కాగితాలు. చాలా సిగ్గేసింది.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. ఒరిజినల్ చేతికిచ్చి, ఎదురుగా నిలబడి తీయించుకుని, ఒరిజినలూ కాపీ రెండూ పట్టుకెళ్లేవాళ్లు, మా దగ్గర మిగిలేది మిషన్లో నలిగిన కాగితం ఒకటో రెండో. ఇప్పుడు అందరూ గోడమీద రాసిన నంబరుకి ఫైలు పంపడమే. కాపీ వాళ్లు తీసుకెళ్తారు, ఫైలు మా ఫోన్లో ఒకటి, కంప్యూటర్లో ఒకటి ఉండిపోతుంది, బ్యాకప్ ఆన్‌లో ఉంటే ఇంకోచోట ఇంకోటి. వాళ్లు తర్వాత వాట్సాప్‌లో డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టినా మేం అప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్నది పోదు, ఈ సంగతి చాలామందికి తెలీదు. ఇక ఈ-ఆధార్ పీడీఎఫ్ సంగతి. దాని పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అందరికీ ఇదే పద్ధతి. ఆ రెండూ పక్కనే పంపిన టెన్త్ మెమోలో ఉంటాయి, ఇక ఆ తాళం ఉన్నా లేనట్టే కదండి.

షాపులో పనికి పెట్టుకున్న కుర్రాడు మంచివాడే కావచ్చు, కానీ ఆ కంప్యూటర్ రిపేరుకి వెళ్తుంది, ఆ ఫోన్ ఎప్పుడో అమ్మేస్తాం. ఇంకో విషయం, పెద్ద డిజిటల్ జిరాక్స్ మిషన్లలో చాలావాటికి లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది, తీసిన పేజీలు అందులో మిగిలిపోవచ్చు. అమెరికాలో అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే సంస్థ అద్దెకి తెచ్చుకున్న కాపియర్లు డిస్క్ తుడవకుండా వెనక్కి ఇచ్చేసి, పేషెంట్ల వివరాలు అందులో దొరికేసరికి 2013లో 12 లక్షల డాలర్ల పైన కట్టాల్సొచ్చింది. మనం మిషను ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేటప్పుడు టోనర్ ఎంత ఉంది, డ్రమ్ము బాగుందా అని చూస్తాం గానీ డిస్క్ గురించి నేనైతే ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

చట్టం లేదా అంటే ఉందండి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కేనని ఒకే మాటగా చెప్పారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబర్లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలలు టైం ఇచ్చారు. ఏ పనికి తీసుకున్నారో ఆ పని అయ్యాక డేటా తీసెయ్యాలి, ఎందుకు తీసుకుంటున్నారో మనిషికి అర్థమయ్యేలా, కావాలంటే తెలుగులోనే చెప్పాలి, జాగ్రత్త చెయ్యకపోతే జరిమానా 250 కోట్ల దాకా. కొన్ని రకాల వాళ్లకి ప్రభుత్వం మినహాయింపు ఇవ్వొచ్చని కూడా ఉంది, కానీ షాపు చిన్నది కదా అని వదిలేసినట్టు నాకైతే ఎక్కడా కనపడలేదు. వేరేవాళ్ల గుర్తింపుని మోసానికి వాడితే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఎప్పట్నుంచో ఉంది. ఇవన్నీ నేను ఆ అమ్మాయి అడిగాక కూర్చుని చదువుకున్నవే, మా లైన్లో ఇంకో నలుగురు షాపులోళ్లని అడిగితే ఒక్కరికీ తెలీదు, తప్పు వాళ్లది అనను, ఎవరు చెప్పారు గనక.

ఇప్పుడు నేను రోజూ షట్టర్ వేసేముందు ఫైళ్లన్నీ తీసేస్తున్నా, రీసైకిల్ బిన్‌తో సహా, ఫోన్లో చాట్లు కూడా. వాట్సాప్ వెబ్ మా సిస్టంలో పెట్టుకున్నవాళ్లు లాగౌట్ అయ్యారో లేదో నేనే చూసి పంపిస్తున్నా. ఆధార్ ప్రింట్ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ తీసిస్తా అంటున్నా, అందులో చివరి 4 అంకెలే కనపడతాయి. కానీ పదిమందిలో ఎనిమిది మంది, వద్దండి వాళ్లు ఒప్పుకోరు అంటారు. ఒక హాస్టల్ వాళ్లయితే మాస్క్‌డ్ కాపీ చూసి, నంబరు కొట్టేశారు ఇది దొంగది అని పిల్లాణ్ణి వెనక్కి పంపేశారు, వాళ్ల నాన్న వచ్చి నామీద అరిచాడు, పాపం ఆయన తప్పు కూడా కాదు.

అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా. ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్‌కి మేం కార్పొరేషన్‌కి వెళ్లినప్పుడు చెత్త ఎక్కడ వెయ్యాలో చెప్తారు, బోర్డు సైజు ఎంతుండాలో చెప్తారు, జనం కాగితాలు ఎన్నాళ్లు ఉంచుకోవచ్చో, ఎలా తీసెయ్యాలో కూడా తెలుగులో ఒక కాగితం ఇస్తే షాపులో గోడకి అంటించుకుంటాం. హాస్టళ్లు, కాలేజీలు, ఆఫీసులు చిన్న పనికి కూడా పూర్తి ఆధార్ కాపీ అడగడం మానెయ్యాలి, మాస్క్‌డ్ చాలు అని కలెక్టర్ గారి నుంచి ఒక్క మాట వస్తే సగం బాధ తగ్గుతుంది. ఈలోగా చదివేవాళ్లు ఎవరైనా సరే, ప్రింట్ తీయించుకున్నాక మీరే ఎదురుగా నిలబడి డిలీట్ చేయించుకోండి, మాకేం కోపం రాదు.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు ఓనరు,
బ్రాడీపేట, గుంటూరు