అమెరికా మీద కోపం ఎక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

ఏ దేశంలోనైనా అమెరికా జెండా తగలబెట్టిన ఫొటో వస్తే చాలు, మన దగ్గర చర్చ రెండు ముక్కల్లో తేలిపోతుంది. అసూయ అని ఒకరు, మతపిచ్చి అని ఇంకొకరు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అధ్యక్షుడు జార్జ్ బుష్ కూడా ఇంచుమించు అలాగే మాట్లాడారు, వాళ్లు మన స్వేచ్ఛను ద్వేషిస్తున్నారని. అమెరికా రక్షణ శాఖ పెంటగాన్‌కు సలహాలిచ్చే డిఫెన్స్ సైన్స్ బోర్డు 2004 నాటి నివేదికలో ఆ మాటను కొట్టిపారేసింది. ముస్లింలకు కోపం అమెరికా స్వేచ్ఛ మీద కాదు, విధానాల మీద అని తేల్చింది. సొంతింటివాళ్లు చెప్పిన ఈ మాట మన చర్చల్లోకి ఎందుకో రాదు.

ఇరాన్ సంగతే చూడండి. జంట టవర్లు కూలిన ఆ రోజుల్లో టెహ్రాన్‌లో యువతీయువకులు వీధుల్లోకి వచ్చి, చనిపోయిన అమెరికన్ల కోసం కొవ్వొత్తులు వెలిగించారు. అమెరికా నశించాలని ప్రభుత్వమే గోడల మీద రాయించే దేశం అది! అదే ఏడాది డిసెంబరులో అఫ్గానిస్థాన్ కొత్త ప్రభుత్వం కోసం జర్మనీలోని బాన్‌లో జరిగిన చర్చల్లో ఇరాన్ దౌత్యవేత్తలు అమెరికాకు సహకరించారు కూడా. రెండు నెలలు తిరక్కుండానే, 2002 జనవరి 29న, బుష్ ఆ దేశాన్ని ఇరాక్, ఉత్తర కొరియాలతో కలిపి దుష్టత్రయంలో చేర్చారు. అమెరికాతో సర్దుకుపోదామన్న ఇరానీలు తలెత్తుకోలేకపోయారు. మేం ముందే చెప్పలేదా అనే ఛాందసులకు అంతకంటే ఏం కావాలి?

పాత గాయాలు ఉండనే ఉన్నాయి. 1953లో ఇరాన్ ప్రధాని మొసాదెగ్‌ను కూలదోసిన కుట్రలో తమ పాత్రను అమెరికా గూఢచార సంస్థ సీఐఏ పత్రాలే 2013లో బయటపెట్టాయి. 1988 జులై 3న దుబాయ్ వెళ్తున్న ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ కూల్చేసింది. చనిపోయిన 290 మందిలో 66 మంది పిల్లలు. యుద్ధ విమానమనుకున్నామని అమెరికా చెప్పింది. పొరపాటే అనుకుందాం. 1996లో 6.18 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది గానీ చట్టపరమైన బాధ్యత మాత్రం తీసుకోలేదు. ఈ మధ్యలో, 1990లో, ఆ నౌక కెప్టెన్‌కు పతకం! అది ఆయన మొత్తం సేవలకు ఇచ్చింది, ఆ ఘటనకు కాదు అంటారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఈ తేడా ఎవరు వెళ్లి చెప్పాలి?

వాషింగ్టన్‌కు తట్టిన మందు ప్రచారం. అడ్వర్టైజింగ్ రంగంలో చేయి తిరిగిన షార్లట్ బీర్స్‌ను 2001లో విదేశాంగ శాఖలోకి తెచ్చారు. అమెరికాలో ముస్లింలు ఎంత హాయిగా ఉన్నారో చూపే టీవీ ప్రకటనలు తీయించి, మసిపూసి మారేడుకాయ చేయబోయారు. కొన్ని అరబ్ దేశాల్లో వాటిని ప్రసారమే చేయలేదు. ఇండొనేసియాలో వేశారు. అక్కడ అమెరికా పరిశోధన సంస్థ ప్యూ చేసిన సర్వేలో అమెరికా పట్ల సదభిప్రాయం 2002లో 61 శాతం ఉంటే, ఇరాక్ యుద్ధం మొదలయ్యాక 2003లో 15 శాతానికి పడిపోయింది. ఆరోగ్యం బాగాలేదంటూ ఆ మార్చిలోనే బీర్స్ తప్పుకున్నారు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. అమెరికా హెలికాప్టర్లు ఇండొనేసియాలోని ఆచే తీరంలో తిండి, నీళ్లు దింపాయి. 2005 ప్యూ సర్వేలో అదే ఇండొనేసియాలో సదభిప్రాయం 38 శాతానికి లేచింది. ఏ ప్రకటనలతోనూ కాని పని అది. అయినా పాత స్థాయికి రాలేదని కూడా గమనించాలి, ఇరాక్‌లో యుద్ధం ఆగలేదు మరి.

వియత్నాం ఇంకా విచిత్రం. అన్ని బాంబులు పడిన దేశంలో 2017 ప్యూ సర్వేలో 84 శాతం మంది అమెరికా మంచిదన్నారు. చైనా భయం ఒక కారణం, నిజమే. కానీ 1994లో ఆంక్షలు ఎత్తేసి, 1995లో దౌత్య సంబంధాలు పెట్టుకోకపోయి ఉంటే ఇంత మార్పు వచ్చేదా? క్యూబా మీద మాత్రం ఆంక్షలు 1962 నుంచీ అలాగే ఉన్నాయి.

మీ అంతర్జాతీయ పేజీకి ఒక విన్నపం. నిరసన ఫొటో వేసినప్పుడు, ఆ దేశానికీ అమెరికాకూ మధ్య ఏం జరిగిందో పక్కనే చిన్న బాక్స్ కట్టి ఇవ్వండి. ఇరాన్ వార్త అనగానే 1979లో టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయంలో బందీలైన వాళ్ల ప్రస్తావన వస్తుంది. 1953 కూడా అదే బాక్స్‌లో ఉండాలి.

– ఓ పాఠకుడు