మాత్ర ఇచ్చారు, మాట చెప్పలేదు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక థైరాయిడ్ రోగి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను డాక్టర్ని కాను, నర్సునీ కాను. తొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున లేవగానే థైరాయిడ్ మాత్ర వేసుకునే మనిషిని. ఒక ఆసుపత్రిలో రక్తపరీక్ష కోసం వరుసలో కూర్చున్నప్పుడు నా పక్కనున్న ఒక తల్లి చెప్పిన సంగతులు మీదాకా చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ముందు నా కథ కొంచెం చెప్తేగానీ ఆమె మాటల విలువ తెలియదు.

జబ్బు బయటపడేనాటికే రెండేళ్లుగా నీరసం, మలబద్ధకం. జుట్టు గుప్పెళ్లతో ఊడేది. నెలసరిలో విపరీతంగా రక్తం పోయేది. అందరూ ఉక్కపోస్తోందంటే నేను దుప్పటి కప్పుకునేదాన్ని. టెన్షన్ తగ్గించుకోమన్నారు కొందరు, బద్ధకం అన్నారు ఇంకొందరు. చివరికి ఒక డాక్టరు గారు టీఎస్‌హెచ్ పరీక్ష రాశారు. రిపోర్టులో ఆ అంకె పక్కన పైకి చూపే బాణం గుర్తు. "థైరాయిడ్ వచ్చింది, జీవితాంతం మాత్ర వేసుకోవాలి" అన్నారు. రెండు నిమిషాల్లో గదిలోంచి బయటికి వచ్చేశాను. ఇంట్లో అడిగితే "థైరాయిడ్ ఎక్కువైందట" అని చెప్పాను.

నిజానికి నాకు తక్కువైంది. ఆ సంగతి తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. టీఎస్‌హెచ్ అనేది మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్ కాదు. మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి, అంటే పిట్యూటరీ, థైరాయిడ్‌కి పంపే ఆజ్ఞ అది. పని మందగించిన కొద్దీ మేస్త్రి గొంతు పెంచినట్టు, థైరాయిడ్ నెమ్మదించిన కొద్దీ టీఎస్‌హెచ్ పెరుగుతుంది. థైరాయిడ్ అతిగా పనిచేస్తే ఆ గొంతు దాదాపు వినపడకుండా పోతుంది. పిట్యూటరీకే జబ్బు చేసిన అరుదైన సందర్భాలు పక్కన పెడితే, బాణం పైకి ఉందంటే హార్మోన్ తక్కువని, కిందికి ఉందంటే ఎక్కువని అర్థం. రిపోర్టు కాగితం వెనక బోలెడంత ఖాళీ ఉంటుంది మంత్రి గారూ. ఈ నాలుగు వాక్యాలు అక్కడ అచ్చు వేయించడానికి ఎంత కష్టం?

నాకు రాసిన చీటీలోనే, రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర కూడా ఉన్నాయి. మరిచిపోకుండా ఉండాలని మూడూ కలిపి పొద్దున్నే మింగేదాన్ని. టీఎస్‌హెచ్ దిగలేదు. 50 పవర్ మాత్ర 75 అయింది, తర్వాత 100, ఆ తర్వాత 125. వెళ్లిన ప్రతిసారీ "మాత్ర రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగేవారు. వేసుకుంటున్నానండీ అనేదాన్ని. అది అబద్ధం కాదు. ఎలా వేసుకుంటున్నారని మాత్రం ఎవరూ అడగలేదు.

అడిగింది ఆ వరుసలో కూర్చున్న తల్లి. నా చేతిలో చీటీ చూసి, "ఏమ్మా, ఇవన్నీ కలిపి మింగుతున్నావా ఏంటి?" అంది. అవునక్కా అన్నాను. ఐరన్, కాల్షియం థైరాయిడ్ మాత్రను పేగుల్లోనే పట్టేసి ఒంటికి అందనివ్వవని, కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలని చెప్పింది. ఆ మాత్రను పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోవాలట. అరగంట నుంచి గంటదాకా ఏమీ తినకూడదు, కాఫీ కూడా తాగకూడదు. ఒక రోజు మరిచిపోతే కంగారుపడక్కర్లేదు, ఎందుకంటే ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే మోతాదు మార్చిన పది రోజులకే పరీక్ష చేయించుకుంటే ఏమీ తెలియదు, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి.

ఆమె చెప్పినట్టే చేశాను. కొన్ని వారాలకు గుండె దడ, చేతుల వణుకు మొదలయ్యాయి. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ మరీ కిందికి పడిపోయింది. అన్నాళ్లూ ఒంటికి అందని 125 ఒక్కసారిగా పూర్తిగా అందిందన్నమాట. డాక్టరు గారు మళ్లీ 75కి తగ్గించారు. ఇప్పటికీ అదే వేసుకుంటున్నాను.

ఇవన్నీ నీకెలా తెలుసు అక్కా అని ఆ రోజే అడిగాను. ఆమె పక్కన కూర్చున్న కొడుకు వైపు చూసింది. పదహారేళ్ల అబ్బాయి. నా వైపు చూసి నవ్వాడు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ పలకరించాడు.

పుట్టినప్పుడు ఆ బాబు ఎంతో బుద్ధిమంతుడని అందరూ మెచ్చుకున్నారట. ఏడవడు, రాత్రంతా నిద్రపోతాడు, పాలకు కూడా లేపాలి. పచ్చకామెర్లు చాలా రోజులు తగ్గలేదు. ఎప్పుడైనా ఏడిస్తే గొంతు బొంగురుగా ఉండేది. విరోచనం సరిగా అయ్యేది కాదు. ఇవన్నీ ఒక్క జబ్బు గుర్తులని చెప్పేవాళ్లు లేకపోయారు. నడక రాలేదు, మాట రాలేదు. రెండేళ్లు నిండాక ఎవరో పరీక్ష రాస్తే, పుట్టుకతోనే థైరాయిడ్ సరిగా లేదని తేలింది. మాత్ర మొదలుపెట్టాక పిల్లవాడు ఎదిగాడు, నడిచాడు. మెదడు ఎదగాల్సిన కాలం మాత్రం అప్పటికే దాటిపోయింది. "బాబు ఏడవట్లేదని సంతోషించానమ్మా" అంది ఆ తల్లి. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

మంత్రి గారూ, నేను ప్రధానంగా అడగాలనుకున్నది దీని గురించే. పుట్టే ప్రతి 2,000 నుంచి 4,000 మంది బిడ్డల్లో ఒకరికి ఈ లోపం ఉంటుంది. తల్లి హార్మోన్ కొంత మాయ ద్వారా బిడ్డకు అందుతుంది కాబట్టి పుట్టినప్పుడు చాలామంది పిల్లలు మామూలుగానే కనిపిస్తారు. ఎంత అనుభవమున్న డాక్టరైనా చూసి కనిపెట్టలేరు. కనిపెట్టగలిగేది మడమ నుంచి తీసి ప్రత్యేకమైన కాగితం మీద అద్దే రక్తపు చుక్క. 1970ల్లోనే కెనడాలోని క్యుబెక్‌లో ఝాఁ దుసో అనే వైద్యుడు ఈ పద్ధతిని ఆచరణలోకి తెచ్చారు. అంటే ఆ బాబు పుట్టేనాటికి ఈ పరీక్ష వచ్చి కొన్ని దశాబ్దాలైంది. పుట్టిన రెండు వారాల లోపు మందు మొదలుపెడితే ఈ పిల్లల్లో చాలామంది తోటివాళ్లలాగే చదువుకుంటారు, ఆడుకుంటారు. ఆ మందు కూడా నేను వేసుకునే మాత్రే, లీవోథైరాక్సిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే.

ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష చేసి తీరాలని ఆదేశం ఇవ్వండి. ఒక్క ఆదేశంతో పని అయిపోదని కూడా తెలుసు. పుట్టగానే టీఎస్‌హెచ్ సహజంగానే ఒక్కసారి పెరుగుతుంది కాబట్టి, సాధారణంగా రెండు రోజులు దాటాక రక్తం తీయడం మేలంటారు. చాలామంది తల్లులు ఆలోపే ఇంటికి వెళ్లిపోతారు. వాళ్లను వదిలేయకూడదు. వెళ్లే ముందైనా తీయాలి, అవసరమైతే మళ్లీ పిలిపించాలి. నెలలు నిండక పుట్టిన పిల్లలకు రెండోసారి చేయాలి. అన్నిటికంటే ముఖ్యం, తేడా కనిపించిన రోజే ఆ తల్లికి ఫోన్ వెళ్లాలి. కాగితం ల్యాబ్‌లో బల్ల మీద పడి ఉంటే, పరీక్ష చేసినా చేయనట్టే.

ఇక రెండో విన్నపం. థైరాయిడ్ పరీక్ష జరిగే ప్రతి చోటా రోగి అడిగేదానికి జవాబు చెప్పే మనిషి ఒకరు ఉండాలి. డాక్టర్లే అక్కర్లేదు, శిక్షణ ఇచ్చిన నర్సు గానీ ఫార్మసిస్టు గానీ చాలు. డాక్టర్లను నేను తప్పుపట్టడం లేదు. బయట అంతమంది నిలబడి ఉంటే ఎవరికి మాత్రం వివరంగా చెప్పే తీరిక ఉంటుంది? కానీ చెప్పేవాళ్లు లేని చోట పుకార్లు చెప్తాయి. అయోడిన్ ఎక్కువగా తింటే థైరాయిడ్ జబ్బు నయమైపోతుందని నాకే పదిమంది చెప్పారు. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250 సరిపోతుంది. నాకు వచ్చింది హషిమోటో జబ్బు. సొంత రోగనిరోధక శక్తే థైరాయిడ్ మీద దాడి చేసే రకం. ఇలాంటివాళ్లకు అయోడిన్ అతిగా పడితే మేలు కాకపోగా కీడు జరగొచ్చు.

"జీవితాంతం మాత్రా?" అన్న భయంతో మానేసినవాళ్లను ఎంతమందినో చూశాను. అది అలవాటుపడే మందు కాదనీ, ఒంట్లో తయారు కావాల్సిన హార్మోన్‌నే బయటినుంచి ఇస్తున్నామనీ ఎవరైనా కూర్చోబెట్టి చెప్తే ఆ భయం పోతుంది. ఇలా బయటినుంచి ఇవ్వడం కొత్తేమీ కాదు. 1891లోనే ఇంగ్లండ్‌లో జార్జ్ మరీ అనే డాక్టరు, తీవ్రమైన థైరాయిడ్ లోపమున్న ఒక మహిళకు గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసం ఇచ్చారు. ఆమె ఆ తర్వాత 28 ఏళ్లు బతికింది. బరువు విషయంలో కూడా నిజం చెప్పాలి. థైరాయిడ్ లోపం వల్ల పెరిగే బరువు మామూలుగా కొద్ది కిలోలే, అందులోనూ చాలావరకు ఒంట్లో నిలిచిన నీరు, ఉప్పే. ఆ సంగతి తెలియక మాత్ర పనిచేయట్లేదని సొంతంగా రెండేసి మింగేవాళ్లున్నారు. గుండెకు, ఎముకలకు అది ప్రమాదం.

కొన్ని మాటలు చెప్పకపోతే ప్రాణం మీదికి వస్తుంది. థైరాయిడ్ అతిగా పనిచేసేవాళ్లకు ఇచ్చే కార్బిమజోల్ వల్ల అరుదుగా తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఆ మందు వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోవాలి. మామూలు జలుబే అనుకుని ఊరుకోకూడదు. అలాగే నెలల తరబడి స్టెరాయిడ్ వాడినవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే, ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు అన్నాళ్లూ పని మానేసి ఉంటాయి కాబట్టి వెంటనే అందుకోలేవు, మనిషి కుప్పకూలిపోవచ్చు. ఈ హెచ్చరికలు మందు అట్ట మీద కంటికి ఆనని అక్షరాల్లో కాకుండా, చేతికిచ్చే చీటీలో పెద్ద అక్షరాల్లో ఉండాలి.

గర్భిణుల సంగతి వేరేగా చెప్పాలి. కడుపులో బిడ్డ థైరాయిడ్ హార్మోన్ తయారుచేయడం మొదలుపెట్టేసరికి సుమారు మూడు నెలలవుతుంది. అప్పటిదాకా బిడ్డ మెదడుకు కావాల్సినదంతా తల్లి నుంచే అందాలి. అందుకే మాత్ర వాడే స్త్రీకి గర్భం రాగానే చాలావరకు మోతాదు పెంచాల్సి వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు మందులు మంచివి కావని సరిగ్గా అప్పుడే మానేసే అమ్మాయిలున్నారు. గర్భం అని తెలిసిన రోజే, అంతకంటే మేలు, పెళ్లయి పిల్లలు కావాలనుకున్నప్పుడే, ఈ మాట వాళ్ల చెవిన పడాలి.

మీ నుంచి నాకు కావాల్సింది ఓదార్పు జవాబు కాదు, మూడు అంకెలు. కిందటి ఏడాది మీ శాఖ పరిధిలో పుట్టిన బిడ్డల్లో ఎంతమంది మడమ నుంచి రక్తం తీశారు? తేడా కనిపించినవాళ్లలో ఎంతమంది తల్లిదండ్రులకు కబురు అందింది? వాళ్లలో ఎంతమందికి రెండు వారాల లోపు మందు మొదలైంది? దయచేసి ఆ లెక్క అందరికీ కనిపించేలా ప్రకటించండి. ఏటేటా ప్రకటించండి.

ఇట్లు,
ఒక థైరాయిడ్ రోగి