రేకు తొడుగు గురించి నాన్నగారికి

యార్క్,
ఆదివారం రాత్రి.

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

నేనిక్కడ క్షేమంగా ఉన్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని, మీరు కంటి చుక్కల మందు వేళకు వేసుకుంటున్నారని తలుస్తాను. ఉద్యోగం గురించి వ్రాయడానికి కొత్తగా ఏమీ లేదు. పని ఎక్కువే, జీతం వేళకు వస్తోంది, అంతే.

ఇక్కడి రైల్వే మ్యూజియంలో ఉన్న, ఒంటి నిండా నునుపైన రేకు తొడిగిన మల్లార్డ్ అనే పాత ఆవిరి ఇంజను ఫోటో పోయిన వారం నేను పంపితే చూసి, "ఆ రేకు తొడుగంతా సోకు కోసమేరా, ఫిట్టరుకు అది శత్రువు" అని మీరు ఫోను అమ్మ చేతికిచ్చేశారు. మన రైల్వేల డబ్ల్యూపీ ఆవిరి ఇంజన్ల కింద గుంటలో నిలబడి ఇరవై ఏళ్లు మసి పూసుకున్న మనిషి మాట కాబట్టి దాన్ని తీసిపారేయలేను. అలాగని పూర్తిగా ఒప్పుకోనూ లేను. ఫోనులో మీతో వాదించి నెగ్గినవారు మన ఇంట్లో లేరు. అందుకే ఈ ఉత్తరం.

మీకు నచ్చే సంగతి ముందుగా చెబుతాను. 1923లో ఈ బ్రిటన్ దేశపు రైల్వే కంపెనీలను నాలుగు పెద్ద కంపెనీలుగా కలిపినప్పుడు, లండన్ నుంచి తూర్పు వైపుగా యార్క్, న్యూకాజిల్‌ల మీదుగా స్కాట్లాండ్ వెళ్లే దారి ఎల్.ఎన్.ఇ.ఆర్. అనే కంపెనీకి వచ్చింది. దాని చీఫ్ మెకానికల్ ఇంజనీరు నైజెల్ గ్రెస్లీ. జర్మనీలో బెర్లిన్, హాంబుర్గ్‌ల మధ్య డీజిల్ రైలు అందరినీ ఆశ్చర్యపరుస్తున్న రోజుల్లో, అలాంటిదే లండన్, న్యూకాజిల్‌ల మధ్య నడిపితే ఎంతసేపు పడుతుందని ఈ కంపెనీవారు ఆ జర్మన్లనే అడిగారు. నాలుగు గంటలకు పైగా పడుతుందని జవాబు వచ్చింది. అప్పుడు గ్రెస్లీ తన షెడ్లలో ఉన్న మామూలు ఆవిరి ఇంజన్లలోంచే పపైరస్ అనేదాన్ని తీసి, 1935 మార్చిలో అదే దారిన నడిపించి చూశాడు. పోవడానికీ రావడానికీ ఒక్కోసారి నాలుగు గంటల లోపే పట్టింది; తిరుగు ప్రయాణంలో గంటకు 108 మైళ్లు కూడా అందుకుంది. డీజిల్ కొనవలసిన పని లేదని తేలిపోయింది. మన షెడ్డులో ఆఖరి బొగ్గు ఇంజను మంట ఆర్పిన నాటి నుంచి మీరు ఎవరి మీద కోపం పెట్టుకున్నారో నాకు తెలుసు కాబట్టి ఇది వ్రాస్తున్నాను.

ఆ తరువాత ఆరు నెలలకే, 1935 సెప్టెంబరులో, డాంకాస్టర్ కర్మాగారం నుంచి సిల్వర్ లింక్ బయటికి వచ్చింది. ఏ4 అనే ఇంజన్ల తరగతిలో అదే మొదటిది; మల్లార్డ్ కూడా ఆ తరగతిదే. 1938 నాటికి మొత్తం 35 తయారయ్యాయి. పత్రికలవారిని ఎక్కించుకుని వెళ్లిన తొలి ప్రయాణంలోనే అది రెండుసార్లు గంటకు 112.5 మైళ్ల వేగం తాకింది. అంటే మన లెక్కలో 181 కిలోమీటర్లు. మూడు రోజులకే సిల్వర్ జూబిలీ అనే రైలుకు తగిలించి, న్యూకాజిల్ నుంచి లండన్ దాకా 268 మైళ్లు నాలుగు గంటల్లో పరుగెత్తించారు.

ఇక తొడుగు సంగతి. ఇది డబ్ల్యూపీ ముక్కులా గుండ్రంగా ఉండదు. ముందు నుంచి చూస్తే పైకి ఏటవాలుగా లేచిన పలక లాగా ఉంటుంది. ఫ్రాన్సులో బుగాట్టి తయారు చేసిన రైలు బండ్ల ముఖం చూసి గ్రెస్లీ ఈ ఆలోచన తెచ్చుకున్నాడంటారు. బొమ్మ చేసి గాలి సొరంగంలో పెట్టి పరీక్షించిన తరువాతే ఆ రూపం ఖాయం చేశారు. వేగం రెట్టింపయితే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మన ఎక్స్‌ప్రెస్‌లు వెళ్లిన వేగాల దగ్గర తొడుగు ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదన్న మీ మాట నిజమే. కానీ నూరు మైళ్ల దగ్గర అది సోకు కాదు నాన్నా, నేరుగా బొగ్గు లెక్క.

రెండో ఉపయోగం పొగది. బ్లాస్ట్, అంటే పొగగొట్టంలోకి ఎగదన్నే ఆవిరి, ఎంత మెత్తగా ఉంటే పొగ అంతగా బాయిలరును అంటిపెట్టుకుని వెనక్కి పాకి, డ్రైవరు కళ్లకు అడ్డం వస్తుందని చిన్నప్పుడు మీరే చెప్పారు. ఈ బొమ్మకూ మొదట అదే చిక్కు వచ్చిందట. ఎన్ని మార్పులు చేసినా పొగ పైకి లేవలేదు. చివరికి పొగగొట్టం వెనుక మెత్తని మట్టిలో ఎవరిదో బొటనవేలు పొరపాటున నొక్కుకుపోయి చిన్న గుంట పడింది. ఆ గుంటతోనే పరీక్షిస్తే పొగ చక్కగా పైకి వెళ్లిపోయింది. ఈ కథలో పాలెంతో నీళ్లెంతో గానీ, పొగగొట్టం వెనుక ఆ లోతు మాత్రం మ్యూజియం మెట్లెక్కి నా కళ్లతో చూశాను.

అసలు మీరు మెచ్చుకోవలసింది లోపలి పనితనాన్ని. షాపెలాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు చూపిన దారిలో, ఆవిరి రెగ్యులేటరు నుంచి సిలిండర్లలోకి వెళ్లి, అక్కడి నుంచి బ్లాస్ట్ పైపు దాకా ఎక్కడా మలుపులో గుద్దుకోకుండా, ఇరుకులో నలగకుండా గొట్టాలన్నీ నునుపుగా, వెడల్పుగా మలిచారు. బయటి రేకు అందరికీ కనిపిస్తుంది గనుక పేరంతా దానికి వచ్చింది; పని ఎక్కువ చేసింది మాత్రం ఆ కనిపించని నునుపేనని నా అభిప్రాయం. మల్లార్డ్‌కు అదనంగా జంట పొగగొట్టం, కిల్‌చాప్ అనే రకం బ్లాస్ట్ పైపు కూడా ఉన్నాయి.

1938 జూలై 3న గ్రాంథమ్ దక్షిణాన స్టోక్ బ్యాంక్ అనే దిగువ దారిలో, ఏడు బండ్లతో, అరవై దాటిన డ్రైవరు జో డడింగ్టన్, ఫైర్‌మన్ టామీ బ్రే కలిసి దాన్ని గంటకు 126 మైళ్లకు, అంటే సుమారు 203 కిలోమీటర్లకు తీసుకువెళ్లారు. ఆవిరి ఇంజన్లలో ఆ రికార్డు నేటికీ దానిదే. అంతకు రెండేళ్ల ముందు జర్మన్ ఇంజను ఒకటి 200.4 కిలోమీటర్లు చేరింది కాబట్టి తేడా వెంట్రుకవాసే. పైగా జర్మన్లు సమతలం మీద పరుగెత్తారు, వీళ్లు వాలులో దిగారు. ఈ మాట ఇక్కడివారితో అంటే ముఖం ముడుచుకుంటారు. ఇంకో విషయం, గ్రెస్లీ తానుగా 125 మాత్రమే చెప్పుకున్నాడు. క్షణకాలం తాకిన ఆ 126ను ఆయన లెక్కలోకి తీసుకోలేదు. నాకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది అక్కడే.

ఇప్పుడు మీరు గెలిచే చోటికి వస్తున్నాను. ఈ ఇంజనుకు సిలిండర్లు మూడు. బయటి రెండింటికే ఆవిరి వాల్వులను కదిపే వాల్వ్ గేరు ఉంటుంది. ఆ రెండింటి కదలికను ముందు వైపు లీవర్లతో కలిపి, మధ్య సిలిండరు వాల్వును నడిపిస్తారు. కొత్తలో అంతా బాగుంటుంది. పిన్నులు కొద్దిగా అరిగేసరికి ఆ వదులంతా పోగుపడి, మధ్య వాల్వు హద్దు దాటి కదులుతుంది, మధ్య సిలిండరు తన వాటాకు మించి లాగుతుంది, చక్రాల నడుమ ఎవరి చెయ్యీ తిన్నగా పోని బిగ్ ఎండ్, అంటే రాడ్డు పెద్ద కొస బేరింగు, వేడెక్కుతుంది. అది వేడెక్కితే డ్రైవరుకు తెలియాలని లోపల ఒక చిన్న గొట్టంలో సోంపు వాసన వచ్చే ద్రవం పెట్టేవారు. రికార్డు రోజున మల్లార్డ్‌కు ఆ వాసనే వచ్చింది. బేరింగులోని వైట్ మెటల్ కరిగిపోయి, మెల్లగా పీటర్‌బరో దాకా నడిచి, అక్కడి నుంచి ఆ రైలు వేరే ఇంజనుతో లండన్ చేరవలసి వచ్చింది. సోంపు వాసన రాగానే గుండెలు అదిరే మనుషులు ఉంటారని నేను ఎన్నడూ అనుకోలేదు.

తొడుగు విషయంలోనూ సగం గెలుపు మీదే. మొదట్లో చక్రాల మీదికి కూడా పక్క రేకులు దిగి ఉండేవి. యుద్ధం వచ్చి, షెడ్లలో మనుషులు తగ్గి, ఉన్నవారికి పని పెరిగేసరికి, నూనె పెట్టడానికి కూడా అడ్డం వస్తున్నాయని వాటిని ఊడదీసేశారు. ఫిట్టరుకు శత్రువని అప్పుడు ఒప్పుకున్నట్లే కదా! ముందు పలకను మాత్రం ఉంచారు. అది తెరవడానికి ఒక హ్యాండిలు పెట్టి తిప్పుతారు. పై రేకు మీదికి, కింది రేకు కిందికి విడిపోయి చేప నోరు తెరిచినట్టు తెరుచుకుంటుంది, దాని వెనుక మామూలు స్మోక్‌బాక్స్ (పొగ, బూడిద చేరే ముందు గది) తలుపు కనిపిస్తుంది. బూడిద ఎత్తేవాడికి రెండు తలుపుల పని అన్నమాట. డబ్ల్యూపీ ముక్కు తలుపుతో పాటే తెరుచుకునేదా, లేక దాన్ని వేరుగా విప్పవలసి వచ్చేదా? నాకు ఆ గుండ్రని ముక్కు, దాని మీది నక్షత్రం తప్ప ఏమీ గుర్తు లేదు. ఫోనులో కాకుండా, వీలైతే బొమ్మ గీసి పంపండి.

ప్రతి ఆదివారం మ్యూజియానికి పోయే బదులు నలుగురితో కలవవచ్చు కదా అని అమ్మ బాధపడుతోందని అన్నయ్య చెప్పాడు. నేను ఎవరితోనూ మాట్లాడకుండా ఉండడం లేదని, అక్కడ ప్రవేశానికి టికెట్టు లేదు కాబట్టి డబ్బు పోవడం లేదని అమ్మకు చెప్పండి. ఇక్కడ చలికాలంలో నాలుగింటికే చీకటి పడుతుంది. గదిలో కూర్చుంటే ఆ సాయంత్రం చాలా పొడుగు. మ్యూజియం పెద్ద హాలు ఒకప్పటి యార్క్ నార్త్ లోకో షెడ్డే. నడుమ ఇంజన్లను తిప్పే టర్న్‌టేబులు, చుట్టూ ముక్కులు లోపలికి పెట్టి నిలబడ్డ ఇంజన్లు. అక్కడ పాత నూనె వాసన ఇంకా కొంచెం మిగిలి ఉంది. మీరు డ్యూటీ దిగి వచ్చి చొక్కా తీసి దండెం మీద వేసినప్పుడు వచ్చే వాసన అది. అంతకన్న ఎక్కువ చెప్పను, అమ్మ మళ్లీ ఏడుస్తుంది.

ఆ షెడ్డు మీదే 1942 ఏప్రిల్ 29న జర్మన్ విమానాలు బాంబులు వేశాయి. లోపల నిలిపి ఉన్న సర్ రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ అనే ఏ4 మళ్లీ బాగుచేయడానికి వీలులేనంతగా ధ్వంసమైంది. 35లో యుద్ధానికి పోయినది అదొక్కటే.

1937లో లండన్ నుంచి ఎడిన్‌బరోకు ఆరు గంటల్లో వెళ్లే కారొనేషన్ రైలు మొదలుపెట్టినప్పుడు, దాని కోసం అయిదు ఇంజన్లకు తమ సామ్రాజ్యంలోని దేశాల పేర్లు పెట్టారు. అందులో ఒకటి ఎంపైర్ ఆఫ్ ఇండియా. నీలం రంగు, ఎర్రటి చక్రాలు. కెనడా పేరున్నది ఇప్పుడు కెనడా మ్యూజియంలో ఉంది, దక్షిణాఫ్రికా పేరున్నది కూడా బతికి ఉంది. మన పేరున్నదాన్ని 1964లో పక్కన పెట్టి తుక్కు చేసేశారు. ఆ పేరు పోయినందుకు నాకు చింత లేదు గానీ, ఇంజను పోయినందుకు ఉంది. ఏ4లు ఆఖరుగా అబెర్డీన్, గ్లాస్గోల మధ్య 1966 సెప్టెంబరు దాకా నడిచాయి. మొత్తం ఆరు మిగిలాయి.

మల్లార్డ్ ఉన్న హాలులోనే డచెస్ ఆఫ్ హామిల్టన్ కూడా ఉంది. అది పోటీ కంపెనీ ఎల్.ఎం.ఎస్. వారిది, స్టానియర్ రూపకల్పన. దాని తొడుగును యుద్ధం తరువాత కంపెనీవారే పూర్తిగా పీకేశారు; ఇప్పుడు ఉన్నది 2009లో మళ్లీ తొడిగినది. ఇది వినగానే మీరు "చూశావా" అంటారని తెలుసు. అయితే ఈ స్టానియరుకు మనతో సంబంధం ఉంది. 1937లో బిహార్‌లోని బిహ్తా దగ్గర రైలు పట్టాలు తప్పి ఎందరో చనిపోయిన తరువాత, అక్కడ నడిచిన ఎక్స్‌బీ తరగతి ఇంజన్ల లోపం తేల్చడానికి వేసిన పసిఫిక్ లోకోమోటివ్ కమిటీలో ఆయన కూడా సభ్యుడు. ఆ పాత ఇంజన్లు నేర్పిన పాఠాల తరువాతే, 1947లో అమెరికా నుంచి మొదటి డబ్ల్యూపీలు దిగాయి. సిలిండర్లు రెండే, రెండూ బయటే, ప్రతి పిన్నూ ఫిట్టరు చేతికి అందేటట్టు. మధ్యలో దాచిన సిలిండరు లేదు, సోంపు వాసన లేదు. మన నీళ్లకు, మన బొగ్గుకు, మన షెడ్లకు అదే సరైన ఇంజనని ఏ4నూ డబ్ల్యూపీనీ పక్కపక్కన పెట్టి ఆలోచించాక నాకు గట్టిగా అనిపించింది. డబ్ల్యూపీ ముక్కు మాత్రం సోకే. ఆ వేగానికి దాని అవసరం లేదు. మీ మాట మీ ఇంజనుకే ఎక్కువ వర్తిస్తుంది, కోపగించకండి.

ఒక సంగతి మరిచాను. ఈ ఏ4లలో కొన్నింటి వెనుక టెండరులో (బొగ్గు, నీళ్లు మోసే బండిలో) పక్కగా సందు లాంటి దారి ఉండేది, వెడల్పు 18 అంగుళాలు. లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా 393 మైళ్లు ఎక్కడా ఆగని రైలు ఒకటి ఉండేది కాబట్టి, సగం దారిలో, ఈ యార్క్‌కు కాస్త ఉత్తరాన, రెండో జట్టు ఆ సందులోంచి వంగి నడిచి వచ్చి డ్యూటీ అందుకునేది. నీళ్లను పట్టాల మధ్య తొట్లలోంచి పరుగు మీదే తోడుకునేవారు. ఇక్కడ ఒక్క ఫైర్‌మన్, మనకు ఇద్దరు; మన ఎండలో ఒక్కడితో అయ్యే పని కాదని ఇక్కడి ముసలి వాలంటీరు ఒకాయనకు చెప్పాను. ఆయన కూడా రిటైరైన ఫిట్టరే. మీ గురించి అడిగాడు. మధ్య సిలిండరు నడిపే ఆ లీవర్ల గురించి మీరు అనబోయేదే ఆయనా అన్నాడు.

ఇక్కడికి ప్రయాణం నా వల్ల కాదని మీరు అంటున్నది కంటి ఆపరేషన్ వల్లా, లేక నాకు ఖర్చని వెనుకాడుతున్నారా? ఖర్చయితే నేను చూసుకుంటాను. కన్ను అయితే డాక్టరు ఏమన్నారో అన్నయ్యను నాకు సరిగ్గా వ్రాయమనండి, మీరు చెప్పేది నేను నమ్మను. జూన్, జూలైలలో ఇక్కడ స్వెట్టరు అవసరం లేదు. పాస్‌పోర్టు గడువు మాత్రం ఈ వారమే చూడండి, బీరువాలో ఎల్.ఐ.సి. కాగితాల సంచిలో ఉంటుంది.

ఇట్లు,
మీ చిన్నకుమారుడు