మన విశాఖ వయసెంత?

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం చేరింది. "వైజాగ్ ముసలోళ్ల ఊరైపోయిందిరా, నాన్నగారి ఇల్లు అమ్మేసి హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనేస్తా" అని రాశావు. ఇల్లు నీది, అమ్ముకుంటానంటే వద్దనడానికి నేనెవర్ని? కానీ ఆ మొదటి మాటే మింగుడు పడలేదు. సంక్రాంతికి వచ్చి ఎంవీపీ కాలనీలో నాలుగు రోజులుండి, మీ వీధిని చూసి ఊరంతటి వయసూ లెక్కగట్టేశావు. అదే ఐటీ కుర్రాళ్లుండే మధురవాడలో దిగుంటే, ఈ ఊళ్లో ముప్ఫై దాటినవాడే లేడని రాసేవాడివి.

మీ వీధి సంగతి నిజమేలే. పొద్దున్నే ల్యాబ్ కుర్రాడు రక్తం తీసుకెళ్లడానికి స్కూటీ మీద వస్తాడు. మీ ఎదురింటి ముందు బండి ఆపాడంటే వరసగా నాలుగైదు ఇళ్లు చూసుకునిగానీ కదలడు. ఒకప్పుడు అదే టైముకి అక్కడ స్కూలు రిక్షాలు ఆగేవి, నువ్వు ఎక్కనని ఏడ్చేవాడివి. ఇంకో చిత్రం గమనించావా? ఇళ్లవాళ్లు పై అంతస్తులు ఖాళీ చేసి ఒక్కొక్కరే కింద వాటాలోకి దిగిపోతున్నారు. లిఫ్టులు లేని రోజుల్లో కట్టిన ఇళ్లు కదా, మోకాళ్లు ఒప్పుకోవట్లేదు. కింద ఉన్న అద్దెవాళ్లని పైకి పంపిస్తున్నారు, అద్దె కాస్త తగ్గించి మరీ.

ఎందుకలా అయిందంటే, వుడా (ఊరి అభివృద్ధి సంస్థ) స్థలాలిచ్చిన రోజుల్లో కొన్నవాళ్లంతా దాదాపు ఒకే ఈడువాళ్లు. ఉద్యోగం స్థిరపడి, చంకలో ఒక పిల్ల, బ్యాంకులో కాస్త లోను. గృహప్రవేశాలు ఒకేసారి, పిల్లల పెళ్లిళ్లు ఒకేసారి, రిటైర్మెంట్లూ ఒకేసారి. ఒక్క విడతలో నిండిన కాలనీ ఒక్క విడతలోనే ముసలిదవుతుంది. ఇది మన ఒక్కరి గొడవే కాదు. టోక్యో పక్కన తామా న్యూ టౌన్ అని కట్టారు. 1971లో జనం దిగడం మొదలైంది, అందరూ చిన్న పిల్లలున్న కుర్ర జంటలే. ఇప్పుడక్కడ పాత బ్లాకుల్లో తాతలూ బామ్మలే ఎక్కువ, పిల్లల్లేక కొన్ని బళ్లు మూసేశారు. మన స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్ ఉక్కునగరం, దాని పక్కన గాజువాక కూడా అదే దారిలో ఉన్నాయి. 80ల్లో, 90ల్లో స్టీల్‌ప్లాంట్‌లో చేరినవాళ్లు, ఆర్ కార్డు (ప్లాంటుకి భూములిచ్చినవాళ్లకిచ్చిన పునరావాస కార్డు) మీద ఉద్యోగం వచ్చిన నిర్వాసితులతో సహా, ఇప్పుడు వరసపెట్టి రిటైరవుతున్నారు. మొన్నామధ్య వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్నవాళ్లు సరేసరి.

మరి ఊరు మొత్తం ఎందుకు ముసలిదవలేదు? ఒకరు పెద్దవాళ్లయ్యేలోగా ఇంకో గుంపు దిగుతూ వచ్చింది గనక. 1933లో పోర్టు, 1941లో షిప్‌యార్డుకి శంకుస్థాపన, 1957లో రిఫైనరీ, ఆ తర్వాత స్టీలు, ఇప్పుడు ఫార్మా, ఐటీ. 1951 లెక్కల్లో లక్ష దాటిన ఊరు 2011కి పదిహేడు లక్షలైంది. 2005లో గాజువాకనీ చుట్టుపక్కల పల్లెల్నీ కలిపేసుకున్నారనుకో, అయినా అదంతా ఇక్కడ పుట్టిన జనం కాదు. శ్రీకాకుళం, విజయనగరం బస్సుల్లో సంచీతో దిగినవాళ్లు. పనికోసం ఊరు వదిలేది ఎక్కువగా ఇరవైల్లోనే కదా. అందుకే ఇలాంటి ఊరి జనాన్ని వయసులవారీగా గీస్తే బొమ్మ నడుము దగ్గర ఉబ్బుతుంది. ఆ ఉబ్బు పల్లెల్లో లోటుగా కనిపిస్తుంది. మా అమ్మమ్మగారి ఊరెళ్తే రచ్చబండ దగ్గర అందరూ డెబ్భై దాటినవాళ్లే, శవాన్ని మొయ్యడానికి నలుగురు కుర్రాళ్లు కావాలంటే విశాఖకి ఫోన్ కొట్టాలి.

అంటే మన ఊరి కుర్రతనం పల్లెల దగ్గర చేసిన అప్పురా. నా భయమల్లా ఆ అప్పిచ్చేవాడి గురించే. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి రాష్ట్రంలో ఒక్కో ఆడమనిషికి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21కి ఆంధ్రలో 1.7కి పడిపోయింది. తరం తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. ఇప్పుడు పల్లెల్లోనూ ఒక్కరో ఇద్దరో. ఆ ఉన్నవాడు కూడా బీటెక్ అవగానే విశాఖలో ఆగకుండా హైదరాబాదో బెంగళూరో ఎక్కేస్తున్నాడు. నీలాగే అన్నమాట, కోపం తెచ్చుకోకు.

ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో పెట్టారు. 2024లో అది ఎత్తేసి, ఇప్పుడు ఎక్కువమందిని కనండి అంటున్నారు. రెండూ మన కళ్లముందే! కానీ ఇవాళ పుట్టినవాడు ఉద్యోగానికి రావడానికి ఇరవై ఏళ్లు పైనే పడుతుంది. పైగా ఇప్పుడు కనే వయసులో ఉన్న ఆడపిల్లల సంఖ్య పాతికేళ్ల కిందటే తేలిపోయింది.

2021లో జరగాల్సిన జనగణన కరోనాతో ఆగిపోయింది, 2027 లెక్కలొస్తేగానీ సరైన బొమ్మ తెలియదు. అవి మాత్రం అంత నిఖార్సుగా ఉంటాయా ఏమిటి? మనవాళ్లు వయసడిగితే అరవై, అరవై అయిదు అంటారుగానీ అరవై మూడు అనరు. అందుకే పాత లెక్కల్లో సున్నా, అయిదు దగ్గర జనం గుట్టలుగా కనిపిస్తారు. మా తాతకి చాలా ఏళ్లపాటు డెబ్భయ్యే.

ఇంతకీ ఇల్లు. అమ్మకు, అద్దెకివ్వు. మా ఆఫీసులో కొత్తగా చేరిన పాలకొండ కుర్రాళ్లిద్దరు నెలరోజులుగా తిరుగుతున్నారు. మీ వీధిలో పై అంతస్తులు ఇంకా కొన్ని ఖాళీగా ఉన్నా, బ్యాచిలర్స్ అనగానే తలుపేసేస్తున్నారట. రాత్రి ఎవరికైనా గుండెల్లో నొప్పొస్తే కేజీహెచ్ పెద్దాసుపత్రికి బండి తీసేది వాళ్లేనని మీ ఎదురింటి మాస్టారికి నేను చెప్పాను, ఆలోచిస్తానన్నారు. నువ్వూ ఓ మాట ఫోన్ చేసి చెప్పు, నీ మాటంటే ఆయనకి గురి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రాజు