అడ్డికి పావుశేరు లెక్కన అమ్మకండి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో కూర్చుని త్రీడీ మోడళ్లు (గేముల్లాంటి వాటిలో వాడుకునేందుకు కంప్యూటర్‌లో తయారుచేసే వస్తువుల రూపాలు) చేసి విదేశీ వెబ్‌సైట్లలో అమ్ముకుంటున్న మన జిల్లా యువకుల గురించి ఈ మధ్య మీ పత్రికలో ఒక కథనం వచ్చింది. విలేకరి ఉత్సాహంగానే రాశారు. డాలర్లు వస్తాయన్నారు, హైదరాబాద్ పోనక్కర్లేదన్నారు, ఫొటో కూడా బాగుంది. ధర మాట మాత్రం ఎత్తలేదు. ఒక మోడల్‌కు ఎంత పెట్టాలి, అందులో వెబ్‌సైట్ ఎంత ఉంచుకుంటుంది, పన్ను కింద ఎంత పోతుంది, చివరికి బ్యాంకు ఖాతాలో ఎంత పడుతుంది అన్నది తెలియకుండా ఈ పనిలోకి దిగితే చేతి చమురు వదలడమే. నేను ఈ పని మీదే బతుకుతున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. నిడివి ఎక్కువైందని లెక్కలున్న భాగాన్ని కత్తిరించవద్దని మనవి.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాను. కొన్నాళ్లు ఇళ్ల ప్లాన్లు గీసి ఇటు వచ్చాను. మా తాతయ్య వడ్రంగి. బండి చక్రాలు చేయడంలో చుట్టుపక్కల ఊళ్లలో ఆయనకు పేరు. అందుకే నేను పల్లెటూరి వస్తువులు ఎంచుకున్నాను: ఎద్దుల బండి, గుంటక, తిరగలి, మోటబావి గిలక. మోడళ్లు చేయడానికి వాడే సాఫ్ట్‌వేర్ పేరు బ్లెండర్. అది ఉచితం. ఖర్చల్లా కంప్యూటర్‌కూ కరెంటుకూ, ఎండాకాలం కూలర్‌కూ.

ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థి పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం మండపాన్ని మోడల్ చేసి తెచ్చాడు. కుందూరు చోళుల కాలం నాటి త్రికూటాలయం అది. గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే స్తంభపు నీడ గురించి మన జిల్లాలో తెలియనివారు లేరు. ఫోనుతో చుట్టూ తిరిగి వందలాది ఫొటోలు తీసి, వాటిలోంచి ఆకృతిని రాబట్టాడు. స్తంభాల మీది చెక్కడం, రాయి పెచ్చు లేచినచోట గరుకుదనం, చేతులు తగిలి నునుపెక్కిన అంచులు, అన్నీ ఉన్నాయి. నిజంగా మంచి పనితనం. పాలిగాన్లు, అంటే ఆకారాన్ని కట్టే చిన్న చిన్న పలకలు, 80 లక్షలు దాటాయి. ధర చూస్తే 5 డాలర్లు. అదేమిటయ్యా అంటే, "ఎక్కువ పెడితే ఎవరు కొంటారక్కా?" అన్నాడు. అయిదుకు మాత్రం ఎవరు కొన్నారు? ఒక్కరూ కొనలేదు. (అది సంరక్షిత కట్టడం కాబట్టి వ్యాపారానికి వాడేముందు అనుమతుల సంగతి పురావస్తు శాఖను అడగమని కూడా చెప్పాను. అది వేరే విషయం.)

మనవాళ్లు ధర కట్టే తీరు రెండు రకాలు. కొందరు తాము పడ్డ కష్టాన్ని గంటల లెక్కన కూడుతారు. ఇంకొందరు అందరికంటే తక్కువకు ఎవరు అమ్ముతున్నారో వెతికి, వారికంటే ఒక డాలరు తగ్గిస్తారు. రెండూ కొనేవాడికి పట్టని లెక్కలే. హైదరాబాద్‌లోనో పోలండ్‌లోనో గేమ్ కంపెనీలో పనిచేసే ఆర్టిస్టు ఒక బండిని సొంతంగా తయారుచేయాలంటే కంపెనీకి నాలుగైదు రోజుల జీతం ఖర్చు. 40, 50 డాలర్లు పెట్టి కొంటే ఆ పూటే దాన్ని దృశ్యంలో నిలబెట్టుకుంటాడు. అతను డబ్బిచ్చేది అలా ఆదా అయిన రోజులకు. కొన్నాక రెండు రోజులు మరమ్మతు చేసుకోవాల్సి వస్తే అయిదు డాలర్లు కూడా అతనికి దండగే. 80 లక్షల పాలిగాన్ల మండపాన్ని ఫోనులో ఆడే గేమ్‌లో పెడితే ఫోను అక్కడే బిగుసుకుపోతుంది. ఆ చెక్కడపు వివరాలన్నీ ఎత్తుపల్లాలు ఉన్నట్టు భ్రమ కలిగించే నార్మల్ మ్యాప్ అనే చిత్రంలోకి దింపి, ఆకారాన్ని కొన్ని వేల పాలిగాన్లకు కుదించి, స్తంభాలను విడివిడి ముక్కలుగా ఇచ్చి ఉంటే అదే మండపానికి 50 డాలర్లు ధైర్యంగా అడగవచ్చు.

సూక్ష్మ వివరాలు వద్దని నేననడం లేదు. నా బండి చక్రమే చూడండి. నడుమ కుంభం, దాన్నుంచి 12 ఆకులు (చువ్వలు), అంచున 6 పూటీలు (వంపు కర్ర ముక్కలు), ఒక్కో పూటీలోకి రెండేసి ఆకులు. చుట్టూ ఇనుప పట్టా. పట్టాను ఎర్రగా కాల్చి, పూటీల చుట్టూ తొడిగి, నీళ్లు గుమ్మరిస్తే అది కుంచించుకుపోయి చక్రాన్ని బిగపడుతుంది. అప్పుడు కర్ర అంచు కమిలి సన్నని నల్లటి గీత పడుతుంది. చిన్నప్పుడు చూసిన ఆ కమురు గీతను టెక్స్చర్‌లో, అంటే మోడల్ పైన పరిచే రంగుల చిత్రంలో, తెచ్చేదాకా నాకు నిద్ర పట్టలేదు. దాన్ని గమనించి మెచ్చుకున్న కొనుగోలుదారు ఇంతవరకు లేరు. వాళ్లు మెచ్చుకుంటూ రాసినవి వేరు. చక్రం తిరిగే కేంద్రం సరిగ్గా ఇరుసు మధ్యన ఉందట. కొలతలు నిజమైనవట. దగ్గరికీ, నడిమి దూరానికీ, బాగా దూరానికీ మూడు రూపాలు విడిగా ఇచ్చినందుకు పని తేలికైందట. కమురు గీత నా సంతోషం కోసం. మిగతావి డబ్బు కోసం. ఏది దేనికోసమో తెలిసి చేస్తే ఏ బాధా లేదు.

ఇంకో విచిత్రం చెబుతాను. బండి మొత్తం కంటే చక్రం ఒక్కటే విడిగా పెట్టినప్పుడు ఎక్కువ అమ్ముడుపోయింది. కాడీ నొగలూ ఉంటే అది మన బండి. చక్రం ఒక్కటే అయితే ఐరోపా పాతకాలపు సంత వీధిలోనూ ఇముడుతుంది, అమెరికా పశువుల కొట్టం గోడకూ ఆనుతుంది. మా తాతయ్య చక్రం ఏయే కోటల గుమ్మాల ముందు పడి ఉందో నాకే తెలియదు.

ఇక కాకి లెక్కలు కాని లెక్క. మోడళ్లు అమ్మే సైట్లలో ఒకటైన యూనిటీ అసెట్ స్టోర్ అమ్మిన ధరలో 70 శాతం మనకిచ్చి 30 శాతం తను ఉంచుకుంటుంది. ఎపిక్ గేమ్స్ 2024 అక్టోబరులో తెరిచిన ఫ్యాబ్ అనే సైట్ 12 శాతమే తీసుకుంటానంది. సగానికి మించి మినహాయించుకునే సైట్లూ ఉన్నాయి. 70 శాతం ఇచ్చే చోట 5 డాలర్లకు అమ్మితే మన వాటా మూడున్నర. కొన్నది అమెరికా వ్యక్తి అయితే అక్కడి పన్ను కోత ఉంటుంది. డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారంలో పాన్ నంబరు రాసి, భారత్, అమెరికాల మధ్య ఉన్న పన్ను ఒప్పందాన్ని పేర్కొంటే రాయల్టీ (వాడుకునే హక్కుకు మనకొచ్చే వాటా) మీద కోత 15 శాతం. ఆ ఫారం ఇవ్వకపోతే 30. అంటే ఫారం నింపినవారికి 2.97 డాలర్లు, నింపనివారికి 2.45. అదే మోడల్‌కు 49 డాలర్లు పెడితే వాటా 34.30, పన్ను పోగా 29 డాలర్ల పైచిలుకు. అయిదు డాలర్ల సరుకు పదిమందికి అమ్మితే గాని ఈ ఒక్క అమ్మకానికి సాటిరాదు. ఆ పదిమందిలో ఫైలు తెరుచుకోవడం లేదని రాసేవారుంటారు, డబ్బు వాపసు కావాలనేవారుంటారు. చవకగా కొన్నవారి ఫిర్యాదులే ఎక్కువని నా అనుభవం. పైగా కొత్త అమ్మకందారు మరీ తక్కువ ధర పెడితే, ఎక్కడిదో ఎత్తుకొచ్చి పెట్టాడేమోనన్న అనుమానం కూడా వస్తుంది. పేరు రావడానికి ఏదో ఒకటి ఇవ్వాలనుకుంటే చిన్న వస్తువు ఒకటి ఉచితంగానే ఇవ్వండి. నేను రోకలిని అలాగే ఇచ్చాను. మంచి పనిని మాత్రం అడ్డికి పావుశేరు లెక్కన పెట్టకండి. పండగ తగ్గింపుల సమయంలో సైట్లు సగం ధరకు ఇమ్మంటాయి. అప్పుడు తగ్గించడానికైనా ధరలో కొంత జాగా ఉండాలి కదా.

డబ్ల్యూ-8బెన్ ఒకసారి ఇస్తే సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో ఏడాది చివరిదాకా చెల్లుతుంది. తర్వాత మళ్లీ ఇవ్వాలి. వచ్చిన ఆదాయాన్ని ఇక్కడి రిటర్నులో చూపాలి. అక్కడ కోసిన పన్నును ఇక్కడి పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. ఇది ఎరిగిన ఆడిటర్‌ను వెతుక్కోండి. విదేశీ రాయల్టీ అనగానే బిత్తరపోయేవారూ ఉన్నారు.

హక్కుల విషయంలో మనవాళ్లు మరీ అమాయకంగా ఉన్నారు. సైట్లో అమ్మేది వాడుకునే హక్కునే. ఫైలు మీద యాజమాన్యం మనదే, అందుకే ఒకే మోడల్‌ను ఎందరికైనా అమ్మగలం. ఆ మధ్య ఒక దళారి నా దగ్గరికి వచ్చి, చేసిన మోడళ్లన్నీ సర్వహక్కులతో సహా పదివేల రూపాయలకు రాసిమ్మన్నాడు. టీ తాగించి పంపేశాను. మా వీధిలోనే ఒక కుర్రవాడు ఏడాది పనిని అలా రాసిచ్చేశాడు. ఇప్పుడు తన మోడళ్లను వేరొకరి పేరుతో చూసుకుంటున్నాడు. అడగడానికి కాగితం అతని వైపు లేదు. సర్వహక్కులూ కావాలంటే మామూలు ధరకు ఎన్నో రెట్లు అడగాలి, ఒక్కో మోడల్‌కు విడిగా ఒప్పందం రాయించుకోవాలి.

2023లో నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఐటీ టవర్లు ప్రారంభించారు. శిక్షణ కేంద్రాలు కూడా వెలిశాయి. నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఏ మీట నొక్కితే ఏమవుతుందో నాకంటే బాగా తెలుసు. ధర పెట్టడం, లైసెన్సు చదవడం, పన్ను ఫారం నింపడం, ఇంగ్లిష్‌లో కొనేవాడు వెతికే మాటలతో వస్తువుకు పేరు పెట్టడం మాత్రం ఎవరూ నేర్పలేదు. శిక్షణలో ఒక్క పూట వీటికి కేటాయించమని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మీ విలేకరికి కూడా ఒక విన్నపం: ఈసారి ఇలాంటి కథనం రాసేటప్పుడు ఎన్ని డాలర్లకు అమ్మారని అడిగి ఆగిపోకుండా, చేతికి ఎంత వచ్చిందో కూడా అడగండి.

ఆదివారం మధ్యాహ్నాలు నాకు తీరికే. జిల్లాలో ఏ కళాశాలవారు పిలిచినా వచ్చి, ఆ ఫారాన్ని తెర మీద పెట్టి గడిగడికీ ఏం రాయాలో చూపిస్తాను. దారి ఖర్చులు అక్కర్లేదు, పనిచేసే ప్రొజెక్టర్ ఉంటే చాలు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రామగిరి, నల్లగొండ